మాత్రాజ్ఞుడు యల్లాప్రగడ సుబ్బారావు

సంస్కృతమున మాత్ర యనగా కొలత. తెలుగువారు మందుబిళ్ళకు ఆ పేరే పెట్టుకొనిరి. మందు గుణము వస్తువులో ఎంత కలదో దాని కొలతలోను అంత కలదని ఈ మాట తెలుపుచున్నది. ఒక పదార్థమే కొలత తెలిసినచో ప్రాణము నిలుపును. తెలియనిచో ప్రాణము తీయును. ఈ సత్యమును తన ప్రయోగశాలలో పలుమారులు చూచిన తెలుగు శాస్త్రజ్ఞుడు డాక్టరు యల్లాప్రగడ సుబ్బారావు. ఆయన పేరు చెప్పగానే ఫోలిక్ ఆమ్లము, కాన్సరు మందు, బోదకాలు మందు జ్ఞప్తికి వచ్చును. ఎయిడ్సు వ్యాధి లోకమునకు తెలిసినది 1981లో. అప్పటికి ఆయన గతించి 33 సంవత్సరములు. అయినను నేడు హెచ్.ఐ.వి. సోకినవారు ప్రతిదినము మ్రింగు మాత్ర పనిచేయు తీరు అర్థము కావలెనన్న ఆయన జీవితమును ఒకమారు తిరుగవేయక తప్పదు.

సుబ్బారావు 1895 జనవరి 12వ తేదీన భీమవరమున జన్మించెను. తండ్రి జగన్నాథము, తల్లి వెంకమ్మ. ఏడుగురు సంతానములో ఆయన నాలుగవవాడు. తండ్రి రెవెన్యూ శాఖలో చిన్న ఉద్యోగి. అనారోగ్యముచే ముందుగనే ఉద్యోగము మానుకొనవలసి వచ్చెను. సంసారభారమును తల్లియే మోసెను. బాలునికి చదువు మీద మొదట శ్రద్ధ లేదు. పదుమూడవ యేట ఇల్లు విడిచి, కాశీకి పోయి యాత్రికులకు అరటిపండ్లు అమ్మి ధనము గడింపవచ్చునని బయలుదేరెను. దారిలోనే పట్టుకొని తెచ్చి తల్లి మరల బడిలో వేసెను. తన నగలమ్మి చదివించెను. రాజమహేంద్రవరమున చదివి, తుదకు మద్రాసు హిందూ హైస్కూలు నుండి మూడవ ప్రయత్నమున మెట్రిక్యులేషను ఉత్తీర్ణుడయ్యెను.

ప్రెసిడెన్సీ కళాశాలలో చదువు దినములలో ఆయన మనస్సు రామకృష్ణ మఠము వైపు మరలెను. సన్న్యసింపవలెనని తలంచెను. తల్లి అంగీకరింపలేదు. తల్లి అనుమతి లేనివానిని చేర్చుకొనుటకు మఠమువారును సమ్మతింపక, వైద్యము చదివి రోగులకు సేవ చేయుమని మార్గము చూపిరి. ఆ విధముగా ఆయన మద్రాసు వైద్య కళాశాలలో చేరెను. చదువు ఖర్చునకు మిత్రులును, కస్తూరి సూర్యనారాయణమూర్తిగారును తోడ్పడిరి. 1919లో ఆయన కుమార్తె శేషగిరిని సుబ్బారావు వివాహమాడెను.

అవి గాంధీమహాత్ముని పిలుపు దేశమంతట వినబడుచున్న దినములు. సుబ్బారావు విదేశవస్త్రమును విసర్జించి, శస్త్రచికిత్స గదిలోనికి సైతము ఖద్దరు ధరించి వెళ్ళెను. శస్త్రచికిత్సాచార్యుడు బ్రాడ్‌ఫీల్డు దొరకు అది కంటగింపయ్యెను. వ్రాతపరీక్షలలో నేర్పు చూపినను విద్యార్థికి దక్కినది పూర్తి ఎం.బి.బి.యస్. పట్టము కాదు, దానికంటె తక్కువదైన ఎల్.ఎం.యస్. మాత్రమే. ప్రభుత్వ వైద్యశాఖలో ఉద్యోగమును లభింపలేదు. మద్రాసు ఆయుర్వేద కళాశాలలో శరీరనిర్మాణశాస్త్రము బోధింపసాగెను. అచ్చట ప్రాచీన వైద్యుల మందులను, వాటి మోతాదులను శ్రద్ధతో గమనించెను.

ఆయన జీవితమును మరల్చినది వేరొక ఘటన. స్ప్రూ యను వ్యాధి ఆ కాలమున దక్షిణదేశమున అనేకులను బలిగొనుచుండెను. ప్రేగులు ఆహారసారమును గ్రహింపలేవు. ఎడతెగని విరేచనములు, నోటిపూత, రక్తహీనత కలిగి మనుష్యుడు క్షీణించి మరణించును. పురుషోత్తము, కృష్ణమూర్తి అను సోదరులిద్దరును కొద్ది దినముల వ్యవధిలో ఈ వ్యాధికే లోబడిరి. సుబ్బారావునకు సైతము అది సోకెను. ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద చికిత్సచే ఆయన బ్రతికెను. ఏ పదార్థము కొరవడి సోదరులు మరణించిరో, ఏ పదార్థముచే తాను బ్రతికెనో చెప్పగలవాడు ఆనాడు లోకమున ఎవడును లేడు. ఆ ప్రశ్న ఆయనను విడువలేదు.

మామగారి సహాయముతోను, కాకినాడ మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థవారి తోడ్పాటుతోను, 1920ల తొలినాళ్ళలో ఆయన అమెరికాలోని బోస్టను నగరము చేరెను. మూడేండ్లలో తిరిగి రాగలనని భార్యకు చెప్పి వెళ్ళెను. తిరిగి రాలేదు. ఆయన వెళ్ళిన తరువాత పుట్టిన కుమారుడు పసితనముననే మరణించెను; తండ్రి ఆ బిడ్డ ముఖము చూడలేదు. శేషగిరమ్మ భర్తకై వేచియే కాలము గడపెను. సుబ్బారావు కీర్తిలో ఆమె చెల్లించిన మూల్యము కూడ కలదు.

హార్వర్డు విశ్వవిద్యాలయమున ఉష్ణమండల వైద్యము చదువుచు, పొట్టపోసికొనుటకై ఆయన ఒక ఆసుపత్రిలో రాత్రివేళ రోగుల మలమూత్రపాత్రలు కడుగు పని చేసెను. పిదప జీవరసాయన శాఖలో చేరి సైరస్ ఫిస్కె అను ఆచార్యునితో కలిసి పరిశోధన ఆరంభించెను. వారి మొదటి గొప్ప పని కొలతకు సంబంధించినదే. రక్తమునందును మూత్రమునందును భాస్వరము ఎంత కలదో సులభముగా తెలిసికొను పద్ధతిని 1925లో ప్రకటించిరి. ద్రవమునకు కొన్ని రసాయనములు చేర్చిన నీలవర్ణము కలుగును. వర్ణము ఎంత చిక్కనో భాస్వరము అంత హెచ్చు. ఫిస్కె–సుబ్బారావు పద్ధతి యను పేర అది తరతరముల జీవరసాయన విద్యార్థులకు పాఠమయ్యెను.

కొలకఱ్ఱ చేత చిక్కిన తరువాత దేహములో భాస్వరము ఎచ్చటెచ్చట దాగినదో వెదకుట సాధ్యమయ్యెను. 1927లో కండరములలోని ఫాస్ఫోక్రియాటిన్‌ను వారు కనుగొనిరి. 1929లో అడినొసిన్ ట్రైఫాస్ఫేట్ అను పదార్థమును వేరుచేసిరి. అదే సంవత్సరము జర్మనీలో కార్ల్ లోమన్ స్వతంత్రముగా దానినే కనుగొనెను. ఏ.టి.పి. అని నేడు పాఠశాల బాలురు సైతము పిలుచు ఈ పదార్థము జీవకణములలో శక్తికి చెలామణి నాణెము వంటిది. అడినొసిన్ అను మూలమునకు మూడు ఫాస్ఫేటులు గొలుసుకట్టుగా చేరియుండును. ఈ స్వరూపమును పాఠకులు గుర్తుంచుకొనవలెను. మున్ముందు దీనితో పని కలదు.

1930లో సుబ్బారావునకు పి.హెచ్.డి. పట్టము లభించెను. కాని హార్వర్డులో స్థిరమైన పదవి దొరకలేదు. ఫిస్కె అసూయచే ఆయన శ్రమలో కొంత వెలుగు చూడలేదనియు, ఆయన వేరుచేసిన కొన్ని న్యూక్లియోటైడులను తరువాతివారు మరల కొత్తగా కనుగొనవలసి వచ్చెననియు జార్జి హిచ్చింగ్సు అను శాస్త్రజ్ఞుడు పిమ్మట వెల్లడించెను. తన గొప్పను తాను చాటుకొనుట సుబ్బారావు స్వభావమున లేదు.

1940లో ఆయన న్యూయార్కు రాష్ట్రమున పెరల్ రివర్ అను ఊరిలోని లెడర్లీ ప్రయోగశాలలలో చేరి, పరిశోధనలకు అధిపతి అయ్యెను. అప్పుడు సోదరుల మరణము నాటి ప్రశ్నకు సమాధానము వెదకు అవకాశము కలిగెను. బొంబాయిలో గర్భిణుల రక్తహీనతను పరిశీలించిన లూసీ విల్స్ అను వైద్యురాలు, ఈస్టు సారముతో అది నయమగుటను 1931లోనే ప్రకటించియుండెను. అందలి పదార్థమే ఫోలిక్ ఆమ్లము. సుబ్బారావు నాయకత్వమున లెడర్లీ శాస్త్రజ్ఞులు 1945లో దానిని ప్రయోగశాలలో నిర్మింపగలిగిరి. అనతికాలములోనే టామ్ స్పైస్ అను వైద్యుడు స్ప్రూ రోగులకు దానినిచ్చి సత్ఫలితములు చూచెను. భీమవరపు ఇంటి నుండి ఇద్దరిని తీసికొనిపోయిన వ్యాధికి మందు దొరకినది.

ఇక్కడనే కొలతయొక్క రెండవ పాఠము మొదలయ్యెను. ఫోలిక్ ఆమ్లము అమృతమే. కాని అందరికిని కాదు. బి–12 విటమిను లోపముచే రక్తహీనత కలిగినవారికి ఇది ఒక్కటే ఇచ్చినచో రక్తము మెరుగుపడినట్లు కనబడును. లోపల నాడులు మాత్రము చెడిపోవుచునే యుండును. బోస్టనులో పసిపిల్లల రక్తకాన్సరును పరిశీలించు సిడ్నీ ఫార్బర్ మరొక వింత చూచెను. ఫోలిక్ ఆమ్ల సంబంధమైన మందులు ఇచ్చినప్పుడు ఆ పిల్లలలో వ్యాధి తగ్గుటకు బదులు విజృంభించెను. ప్రాణపోషకమైన విటమినే రోగకణములకును ఆహారమయ్యెను.

అట్లయినచో ఆ ఆహారమును అడ్డుకొన్న రోగకణములు మాడిపోవలెను. ఫోలిక్ ఆమ్లమును పోలియుండి దాని పని చేయలేని మారువేషపు పదార్థములను సుబ్బారావు బృందము తయారుచేసెను. అందొకటి అమినోప్టెరిన్. కణము దానిని నిజమైన విటమినని భ్రమించి స్వీకరించును. స్వీకరించిన పిదప వృద్ధి చెందలేదు. ఫార్బర్ దానిని 16మంది పిల్లలకిచ్చి, 10మందిలో వ్యాధి తాత్కాలికముగా తగ్గుట చూచి, 1948 జూన్‌లో ప్రకటించెను. అంతకు పూర్వము ఏ మందునకును లొంగని వ్యాధి అది. కాని ఆ మందు మంచి కణమును, చెడ్డ కణమును ఎంచి చూడదు. నోటిలో పుండ్లు లేచెను, రక్తస్రావము కలిగెను. ఎంత ఇచ్చుట, ఎప్పుడు ఆపుట యనునదే వైద్యుని నేర్పు.

దానికి తోబుట్టువైన మెథోట్రెక్సేట్ నేడును కాన్సరునకు, అల్పమోతాదులో కీళ్ళవాతమునకు వాడబడుచున్నది. కీళ్ళవాతమునకు దానిని వారమున కొకమారు మాత్రమే మ్రింగవలెను. పొరపాటున దినమున కొకటి చొప్పున మ్రింగి ప్రాణము కోల్పోయినవారు కలరు. బిళ్ళ అదే, రోగి అదే. మారినది కాలము ఒక్కటే.

బోదకాలునకు మందైన డైఇథైల్ కార్బమజీన్ సైతము 1947లో ఆ ప్రయోగశాల నుండియే వెలువడెను. తెలంగాణములోను, ఆంధ్రదేశములోను ఇంటింటికి వచ్చి పంచు బోదకాలు మాత్ర అదియే. ఆ పంపిణీలోను నియమములు కలవు. భోజనానంతరము ఆరోగ్యకార్యకర్త యెదుట మ్రింగవలెను. గర్భిణులకు, రెండేండ్ల లోపు శిశువులకు, తీవ్రరోగులకు ఇయ్యరాదు. నెత్తుటిలోని సూక్ష్మక్రిములు చచ్చునప్పుడు కొందరికి జ్వరము, తలనొప్పి కలుగును. అది మందు వికటించుట కాదు, మందు పనిచేయుచున్న గుర్తు. ఈ సంగతి ముందుగా చెప్పనిచో జనులు భయపడి మరుసటి యేడు మందు విడుతురు.

1948లో బెంజమిన్ డగ్గర్ కనుగొన్న ఆరియోమైసిన్ లోకమునకు ప్రకటితమయ్యెను. ఆ వృద్ధ శాస్త్రజ్ఞుని పరిశోధనయు సుబ్బారావు అధిపతిగా నున్న సంస్థలోనిదే. ఆ యేడాది ఆగస్టు నెలలో ఒక రాత్రి నిద్రలోనే గుండె ఆగి ఆయన కన్నుమూసెను. వయస్సు 53 సంవత్సరములు. పాతికేండ్లు అమెరికాలో నివసించినను ఆ దేశపు పౌరసత్వము స్వీకరింపలేదు.

ఆయన గతించినను మారువేషపు మందు యొక్క సూత్రము గతింపలేదు. పెరల్ రివర్‌కు హడ్సన్ నది ఆవలి ఒడ్డున టకహో అను ఊరిలో హిచ్చింగ్సు, గెర్ట్రూడ్ ఎలియన్ అను శాస్త్రజ్ఞులు ఇదే విధముగా న్యూక్లియిక్ ఆమ్లముల మూలపదార్థములకు మారురూపములు నిర్మించుచుండిరి. 1988లో వారికి నోబెల్ బహుమానము లభించెను. 1964లో కాన్సరు కొఱకై జెరోమ్ హార్విట్జ్ తయారుచేసి, ఫలింపలేదని విడిచిన జిడోవుడిన్ అను పదార్థము హెచ్.ఐ.వి.ని అడ్డుకొనునని 1985లో తేలెను. 1987లో అమెరికాలో ఆ వ్యాధికి అనుమతి పొందిన మొదటి మందు అదియే. తొలినాళ్ళలో నాలుగు గంటల కొకమారు, అర్ధరాత్రి నిద్రలేచి సైతము రోగులు దానిని మ్రింగిరి. ఎముకలలోని మూలుగ దెబ్బతిని అనేకులకు రక్తహీనత కలిగెను. అంత మోతాదు అనవసరమని తెలిసి 1990లో సగమునకు తగ్గించిరి. ఒక్క మందే వాడినందున వైరసు దానిని తప్పించుకొనుటయు నేర్చెను. 1996 నాటికి మూడు మందులను కలిపి వాడు చికిత్స స్థిరపడిన తరువాతనే మరణములు తగ్గుముఖము పట్టెను.

భారతదేశమున 2004 ఏప్రిల్ 1 నుండి ప్రభుత్వము ఈ చికిత్సను ఉచితముగా ఆరంభించెను. తొలి విడత రాష్ట్రములలో నాటి ఆంధ్రప్రదేశము ఒకటి. నేడు పెద్దలలో ఎక్కువమందికి ఇచ్చునది మూడు మందులు కూర్చిన ఒకే మాత్ర: టెనోఫొవిర్ 300 మిల్లీగ్రాములు, లామివుడిన్ 300, డోలుటెగ్రవిర్ 50. దినమున కొకటి, జీవితాంతము.

ఇందు టెనోఫొవిర్ పనితీరులో ఏ.టి.పి. స్వరూపము మరల కానవచ్చును. అది అడినిన్ కుటుంబమునకు చెందినది. కణములో ప్రవేశించిన పిదప దానికి రెండు ఫాస్ఫేటులు చేరును. అప్పుడది ఏ.టి.పి.కి దగ్గరి బంధువైన, డి.ఎన్.ఏ. నిర్మాణమునకు వలయు పదార్థము వలె కనబడును. వైరసు తన గొలుసు అల్లుకొనుచు దీనిని నిజమైన కడియమని తగిలించుకొనును. కాని తరువాతి కడియము తగులుకొనుటకు దీనికి కొక్కెము లేదు. గొలుసు అచ్చటనే తెగును. లామివుడిన్ పనియు ఇట్టిదే. డోలుటెగ్రవిర్ వైరసు గొలుసు మన కణపు జన్యువులలో అతుకుకొనకుండ ఆపును.

ఈ మాత్ర వైరసును బంధించునే కాని నిర్మూలింపదు. కొన్ని దినములు మానిన రక్తములో మందు బలము తగ్గును. ఆ సందున వైరసు పెరుగును, మందునకు లొంగని రూపము తాల్చును. కావున ప్రతిదినము ఒకే వేళకు మ్రింగుట మొదటి నియమము. ఒకపూట మరచినచో జ్ఞప్తికి వచ్చిన వెంటనే మ్రింగవలెను. మరుసటి వేళ సమీపించినచో రెండు మాత్రలు కలిపి మ్రింగరాదు. కడుపుమంటకు వాడు అల్యూమినియము, మెగ్నీషియము గల మందులు డోలుటెగ్రవిర్‌ను దేహమునకు అందకుండ చేయును. అట్టివానికి రెండు గంటలు ముందో, ఆరు గంటలు తరువాతనో ఈ మాత్ర మ్రింగవలెను. ఇనుము, కాల్షియము మాత్రలకును ఇదే జాగ్రత్త. భోజనముతో కలిపి తీసికొన్నచో దోషము లేదు. క్షయవ్యాధికై రిఫాంపిసిన్ వాడువారికి డోలుటెగ్రవిర్ రెండవ మోతాదు అదనముగా కావలెను. మధుమేహమునకు వాడు మెట్‌ఫార్మిన్ కొలతను వైద్యుడు సరిచూడవలెను.

టెనోఫొవిర్ కొందరికి మూత్రపిండములపై భారము మోపును. రక్తములో క్రియాటినిన్ పరీక్ష చేయించుట అందుకే. కొందరిలో భాస్వరము మూత్రము వెంట పోవుటయు కలదు. వైద్యుడు అనుమానించి రక్తములో దాని పాలు కొలిపించును. 1925 నాటి నీలివర్ణపు కొలత యిచ్చట మరల జ్ఞప్తికి వచ్చును. మోకాళ్ళ నొప్పులకు అంగడిలో కొని వాడు డైక్లోఫినాక్ వంటి మాత్రలు ఈ భారమును హెచ్చించును. వైద్యునికి చెప్పక వాడరాదు. నాటుమందుల సంగతియు అంతే. కామెర్లు కలిగించు హెపటైటిస్–బి కూడ ఉన్నవారు ఈ మందు హఠాత్తుగా మానినచో కాలేయము ప్రమాదమున పడును. గర్భము దాల్చిన స్త్రీ మందు మానరాదు. బిడ్డకు రక్ష అదియే. నియమముతో వాడినవారి రక్తములో వైరసు పరీక్షకు అందనంతగా తగ్గి అట్లే నిలిచినచో, వారినుండి జీవిత భాగస్వామికి సంపర్కముచే వ్యాధి సోకదు.

ఇన్ని నియమములను నిలుపుట చెడగొట్టుట ఒక్కొకప్పుడు వైద్యుని చేతిలోగాని రోగి చేతిలోగాని ఉండదు. సికింద్రాబాదు–కాజీపేట రైలుమార్గమున జనగామ దాటిన తరువాత రఘునాథపల్లి వచ్చును. అట్టి చిన్న ఊరిలో ఎవడు ఏ బండి ఎక్కి ఎక్కడికి పోవునో అందరికిని తెలియును. వరంగల్లు మహాత్మాగాంధీ స్మారక ఆసుపత్రిలో మందు ఉచితముగనే దొరకును. కాని అచ్చటి వరుసలో ఎరిగినవాడు కంటబడునేమో యను భయమునకు మందు లేదు. మాత్రలను బియ్యపుడబ్బాలో దాచి, ఇంట చుట్టములున్న దినము మ్రింగక మానువారు ఏ ఊరనైనను ఉందురు. రోగి సమ్మతి లేక అతని వ్యాధిని వెల్లడింపరాదని 2017 నాటి చట్టము చెప్పుచున్నది. 2018 సెప్టెంబరు 10 నుండి అది అమలులో కలదు. చట్టము కాపాడునది గోప్యమును. వేళకు మాత్ర మ్రింగనిచ్చునది మాత్రము ఇంటివారి, ఇరుగుపొరుగువారి మంచితనము.

స్ప్రూ వ్యాధి సోదరుల నిద్దరిని తీసికొనిపోయినప్పుడు యల్లాప్రగడవారింట లేనిది మందు. నేడు మందు కలదు; హైదరాబాదు పరిసరముల కర్మాగారములలో తయారై ఖండాంతరములకు సైతము పోవుచున్నది. సుబ్బారావు శతజయంతి సంవత్సరమున, 1995లో, భారత తపాలాశాఖ ఆయన చిత్రముతో బిళ్ళ ప్రకటించెను. ఒక శిలీంధ్రమునకు సుబ్బారోమైసిస్ అని ఆయన పేరు పెట్టిరి. ఆయన మందులు వాడువారిలో అనేకులు ఆ పేరు వినియుండరు. వారికి పేరుతో పనిలేదు. మాత్రయొక్క వేళయు కొలతయు తెలిసిన చాలును. రోగులకు సేవ చేయుమని మఠమువారు చూపిన మార్గమున ఆయన నడచినది దీనికొఱకే.